కేబినెట్ మార్పు

కంప్యూటర్ మీద ఆడే ఆట కూడా ఆటేనని ప్రభుత్వం వారు ఒప్పుకున్న రోజున మాగపాలెం ప్రభుత్వ జూనియర్ కళాశాలలో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అప్పటిదాకా ఆ ఆట ఆడుతూ దొరికిన పిల్లల సెల్‌ఫోన్లు లాక్కుని బీరువాలో దాస్తున్న ప్రిన్సిపాల్ సోమయాజులు గారు మాత్రం ఉత్తర్వు మళ్లీ మళ్లీ చదివి, బీరువా తాళం తీసి, ఎవరి ఫోను వాళ్లకిచ్చేశారు. "ఇవి క్రీడా పరికరాలు. మన దగ్గర ఉంచుకోకూడదు," అన్నారు.

ఉత్తర్వు పేరు 'డిజిటల్ క్రీడావికాసం'. దాని ప్రకారం ప్రతి కళాశాలా తనకిచ్చిన బొటాబొటీ సొమ్ముతో విడిభాగాలు కొని, ఒక గేమింగ్ కంప్యూటర్‌ని తానే కూర్చుకోవాలి. తయారై ఉన్నది కొంటే చెల్లదు, స్వావలంబన దెబ్బతింటుంది. కూర్చిన యంత్రం అధికారి ఎదుట, తనిఖీ జరుగుతున్నంతసేపూ ఆగకుండా నడవాలి. అలా నడిచిందని ఆయన సర్టిఫికెట్ ఇస్తేనే ఆ కళాశాల పిల్లలకు జిల్లా ఎంపిక పోటీల్లో ప్రవేశం.

ఈ పని ఎవరికి అప్పగించాలన్న చర్చ రాలేదు. ఆట గనక ఆటల మేడానికే పడింది.

ఆటల మేడం భాగ్యవతి కబడ్డీ మనిషి. వయసులో ఉండగా ఆవిడ రైడుకి వస్తోందంటే అవతలి జట్టు వాళ్లు ముందే జడలు బిగించుకునేవారు. ఇప్పుడు మోకాళ్లు మొరాయిస్తున్నా గొంతు మాత్రం అలాగే ఉంది. ఈల అవసరం లేకుండానే మైదానం ఆ చివరున్న పిల్లల్ని ఆపగలదు. కంప్యూటర్ గురించి ఆవిడకు తెలిసిందల్లా జీతం పడిందో లేదో అందులో కనిపిస్తుందని.

అయినా ఒప్పుకుంది. దీవెన కోసం ఒప్పుకుంది.

దీవెన ఇంటర్ రెండో సంవత్సరం పిల్ల. చిన్నప్పుడు జ్వరంలో కుడికాలు సన్నబడిపోయింది. ఆటల పీరియడ్ వస్తే సైకిళ్ల షెడ్డు కింద కూర్చుని, ఆడుకునే పిల్లల వాచీలూ చెవి దుద్దులూ ఒళ్లో పెట్టుకుని కాపలా కాసేది. అది చూసినప్పుడల్లా భాగ్యవతికి మనసు చివుక్కుమనేది. ఈ పిల్లని ఏ ఆటలో పెట్టాలో తెలిసేది కాదు. చదరంగం బల్ల ముందు కూర్చోబెడితే "నిద్రొచ్చేత్తందండి మేడం" అంది. తీరా ఆ పిల్ల తన మేనమామ నెట్ సెంటర్‌లో కారు పందేలు ఆడుతుందని తెలిసి, ఒకరోజు చూడ్డానికి వెళ్లింది. తెర మీద కారు ఎలా పోతోందో భాగ్యవతికి అర్థం కాలేదు గానీ పిల్ల మొహం అర్థమైంది. అది షెడ్డు కింద కూర్చునే మొహం కాదు. రైడుకి బయల్దేరే ముందు గీత మీద నిలబడే మొహం. ఈ పిల్లని జిల్లా పోటీకి పంపలేకపోతే తన మెళ్లో ఈల ఎందుకని భాగ్యవతికి నిజంగానే అనిపించింది.

ఇద్దరూ ఆ షెడ్డు కిందే కూర్చుని భాగాలు ఎంచారు.

"ప్రాసెసర్‌లో ఒక మెట్టు దిగొచ్చండి మేడం. గ్రాఫిక్స్ కార్డులో మాత్రం దిగకూడదు. బొమ్మంతా అదే గీత్తాది," అంది దీవెన.

"అంటే కార్డు రైడరన్నమాట."

"ఆయ్. ప్రాసెసర్ కెప్టెను. కెప్టెన్ కాస్త నిదానమైనా పర్లేదండి, రైడర్ గట్టోడుండాలి. ర్యామ్ ఒక్క పెద్ద ముక్క బదులు రెండు చిన్న ముక్కలు తీసుకుందారి. జంటగా ఐతే జోరుగా పరిగెడతాయి. పవర్ సప్లై మాత్రం చవకది వద్దండి. అందరికీ కరెంటు పంచేది అదే. అది పోతే ఉత్తినే పోదు, మిగతావాళ్లనీ పట్టుకుపోద్ది."

"వంటమనిషన్నమాట. తిండి తేడా చేస్తే జట్టంతా పడుకుంటుంది. మరి ఈ కేబినెట్ ఏంటే?"

"ఇవన్నీ బిగించే డబ్బా అండి. దానికి అద్దాలూ లైట్లూ అక్కర్లేదు. లోపల చోటుండాలి, గాలాడాలి. అంతే."

"కోర్టన్నమాట," అంది భాగ్యవతి. గేమింగ్ కంప్యూటర్ ఆవిడకు అర్థమైపోయింది.

అర్థం కాని వాళ్లు కొనుగోలు కమిటీలో ఉన్నారు. కమిటీ అంటే ముగ్గురు: అధ్యక్షులు జంతుశాస్త్రం చదివిన సోమయాజులు గారు, సభ్యులు తెలుగు లెక్చరర్ విశ్వపతి గారు, కార్యదర్శి ఆఫీసు సూపరింటెండెంట్ కామేశం. సోమయాజులు గారికి గ్రాఫిక్స్ కార్డు దగ్గర అభ్యంతరం వచ్చింది.

"కార్డు అంటే కార్డే కదమ్మా. ఆధార్ కార్డు అంత ముఖ్యమైంది, అదే ఉచితంగా ఇస్తున్నారు. దీనికి ఇంత ఖరీదేంటి?"

దీవెన చెప్పినట్టే భాగ్యవతి రైడర్ కథ చెప్పింది. ఆయన సగం ఒప్పుకుని, మిగతా సగానికి లైట్లు అడిగారు. యంత్రం నడుస్తోందో లేదో దూరం నుంచి వచ్చే అధికారికి తెలియాలంటే లైట్లు వెలగాలని ఆయన అభిప్రాయం. రంగులు మార్చే లైట్ల దండ ఒకటి చేర్చారు. సొమ్ము చాలలేదు. ఏది తీసేయాలన్నప్పుడు కామేశం తల పైకెత్తాడు.

"కేబినెట్ తీసేద్దారండి. మనకుంది. స్టోరులో పాతదొకటుంది. ఉన్న వస్తువు మళ్లీ కొంటే ఆడిటోళ్లు ఊరుకోరు."

"అది పనికిరాదండి. అందులో పిల్లి ఈనింది," అంది భాగ్యవతి.

"పిల్లి ఖాళీ చేసేసిందండి. ఇప్పుడు ఖాళీయే."

పోనీ తన డబ్బుతో కొనిపెడతానంది. ప్రభుత్వ భాగాలు ప్రైవేటు డబ్బాలో కాపురం ఉండడానికి రూల్సు ఒప్పుకోవన్నాడు కామేశం.

భాగాలు వచ్చాయి. దీవెన ఓపిగ్గా పాత డబ్బాలో బిగించడం మొదలుపెట్టింది. మదర్‌బోర్డు పట్టింది. గ్రాఫిక్స్ కార్డు మాత్రం పొడుగు. సగం లోపల, సగం బయట, కిటికీలోంచి కాళ్లు బయటపెట్టి పడుకున్న మనిషిలా ఉంది. దాన్ని ఎలాగో ఐమూలగా ఇరికించి నడిపితే డబ్బా లోపల గాలాడక, పందెం సగంలో ఉండగానే యంత్రం వేడెక్కి ఆగిపోయింది. మళ్లీ నడిపితే మళ్లీ ఆగిపోయింది. దీవెన ఆగిపోయిన తెర వంక చూస్తూ కూర్చుంది. భాగ్యవతి లేచి తిన్నగా ఆఫీసులోకి వెళ్లి, కొత్త కేబినెట్ కోసం పైకి రాయించాలంది.

అవి తెలుగు భాషా పక్షోత్సవాల రోజులు. ఆ పక్షం అన్ని ఫైళ్లూ తెలుగులోనే నడవాలని తాఖీదు. రాయడం విశ్వపతి గారి పాలబడింది. ఆయనకు అవకాశం వచ్చి చాలా కాలమైంది. తలుపు దగ్గరగా వేసుకుని రాసి, తానే చదివి వినిపించారు.

"విషయము: కేబినెట్ మార్పు. ప్రస్తుత కేబినెట్ కాలము చెల్లినది. మిక్కిలి ఇరుకైనది. నలుమూలలా తుప్పు పట్టి, చప్పుడు చేయుటయే గాని పని చేయుట లేదు. లోపల గాలి ఆడక, పుట్టిన వేడి బయటికి పోక, వ్యవస్థ యావత్తూ తరచు స్తంభించుచున్నది. సమర్థములైన కొత్తవాటికి ఇందులో చోటు దొరకుట లేదు. పైపైన రంగులు పూసినందున ప్రయోజనము శూన్యము. కావున కేబినెట్‌ను తక్షణమే మార్చవలసినదిగా ప్రార్థన."

"వ్యవస్థ అంటే ఏంటండి?" అంది భాగ్యవతి.

"సిస్టమ్‌కి తెలుగమ్మా."

"కేబినెట్‌కి లేదా?"

"వెతికాను. గణకమంజూష అని రాయబోతే ఆ మంజూష ఎవరు, ఏ సెక్షను అన్నాడు కామేశం. అందుకని వదిలేశాను."

ఇంగ్లీషులో రాసి ఉంటే చిన్న అక్షరంతో మొదలయ్యే కేబినెట్‌కీ పెద్ద అక్షరంతో మొదలయ్యే కేబినెట్‌కీ తేడా కంటికి కనబడేది. తెలుగులో చిన్నక్షరం, పెద్దక్షరం అనే భేదం లేదు. అన్ని అక్షరాలూ సమానమే. భాగ్యవతి కింద సంతకం పెట్టింది.

ఫైలు డివిజన్ ఆఫీసుకి వెళ్లింది. అక్కడి అధికారి చదివి, తలుపు వేసి మళ్లీ చదివి, తనకు సంబంధం లేదని రాసి జిల్లాకి పంపారు. జిల్లాలో కొన్ని మాటల కింద గీతలు పడ్డాయి. రాష్ట్ర కార్యాలయంలో ఆ గీతల మీద డైరెక్టరుగారి ఎర్రసిరా పడింది. కొత్త డబ్బా కోసం ఎదురుచూస్తున్న భాగ్యవతికి రిజిస్టర్డ్ పోస్టులో మెమో వచ్చింది.

"ప్రభుత్వ ఉద్యోగి అయియుండి మీరు, ప్రస్తుత కేబినెట్ తుప్పు పట్టినదనియు, చప్పుడు చేయుటయే గాని పని చేయుట లేదనియు వ్యాఖ్యానించి, దానిని తక్షణమే మార్చవలెనని లిఖితపూర్వకముగా డిమాండు చేసియున్నారు. సమర్థులకు అందు చోటు లేదనుట ద్వారా గౌరవ సభ్యుల సామర్థ్యమును శంకించియున్నారు. మీపై క్రమశిక్షణ చర్య ఏల తీసుకొనరాదో సంజాయిషీ ఇవ్వవలెను."

భాగ్యవతి ముందు నవ్వింది. సోమయాజులు గారి మొహం చూశాక నవ్వు ఆగింది. ఆయన ఆ రోజు నుంచి కేబినెట్ అన్న మాట పలకడం మానేశారు. ఎవరైనా అంటే గుమ్మం వైపు చూసేవారు. కామేశం 'ఆ వస్తువు' అనడం మొదలుపెట్టాడు.

విషయం ఊళ్లో పాకింది. పాకుతూ పాకుతూ కొంచెం మారింది. ఆటల మేడానికి పైవాళ్లతో రాతకోతలున్నాయనీ, కేబినెట్ మార్పు ఆవిడ చేతి మీదుగానే కదిలిందనీ అయింది. ఒక సాయంత్రం గరిమెళ్ల బసవరాజు అనే స్థానిక నాయకుడు శాలువా, పూతరేకుల పెట్టె పట్టుకుని ఇంటికొచ్చాడు.

"మార్పు తప్పదంటన్నారండి మేడం గారు. మా బావగారు ముందునించీ కష్టపడ్డ మనిషి. ఈసారైనా ఆయన్ని కాస్త లోపలికి..."

"బసవరాజుగారూ, అందులో ఇప్పుడు గ్రాఫిక్స్ కార్డుకే చోటు లేదండి."

బసవరాజు పూతరేకుల పెట్టె బల్ల మీద పెట్టాడు. "ఆయనెవరండి? మన జిల్లాయేనా?" అన్నాడు.

విచారణాధికారిగా పరాంకుశం గారు వచ్చారు. జిల్లా ఆఫీసులో పెద్ద ఉద్యోగం, తెల్లటి జుట్టు, నెమ్మదైన మనిషి. రిటైర్మెంట్ దగ్గర్లో ఉండడం వల్ల ప్రతి కాగితాన్నీ తేలుని పట్టుకున్నట్టు కొసతో పట్టుకుంటారు. భాగ్యవతి మాటలు పెంచకుండా స్టోరులోంచి డబ్బా తెప్పించి ఆయన ముందు బల్ల మీద దబ్బున పెట్టించింది. కాస్త తుప్పు రాలి మెమో మీద పడింది.

"ఇదండి కేబినెట్. దీన్నే మార్చమన్నాను."

ఆయన డబ్బా చుట్టూ తిరిగి చూశారు. వేలితో తట్టారు. ఆ చప్పుడు విన్నారు. ఉత్తరంలోని ఒక్కొక్క వాక్యమే మనసులో సరిపోల్చుకుంటున్నట్టు కనిపించారు.

"నాకర్థమైందమ్మా," అన్నారు.

"హమ్మయ్య. అదే రాసేయండి బాబూ."

"ఏవని రాయమంటారు?"

"తుప్పు పట్టిన డబ్బా గురించి రాస్తే పైవాళ్లు మంత్రివర్గం అనుకున్నారని."

పరాంకుశం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అలా రాస్తే ఏమవుద్దో చూడండి. మీరు డబ్బాని తుప్పు పట్టిందన్నారు. అందులో తప్పులేదు. ఇరుగ్గా ఉంది, చప్పుడు చేస్తుంది, పని చేయదు అన్నారు. అదీ తప్పు కాదు. ఆ గుణాలన్నీ చదవగానే, ఇది ఫలానావారి గురించేనని పోల్చుకున్నది ఎవరండి? మా డైరెక్టరుగారు. మీరు నిర్దోషి అని నేను రాసేనంటే అవమానం చేసింది ఆయనని రాసినట్టే."

 కబడ్డీలో కూడా ఇలాంటి పట్టు భాగ్యవతి ఎప్పుడూ చూడలేదు.

"మరి నన్నేం చేయమంటారండి?"

"వెనక్కి తీసుకోండి. ప్రస్తుత కేబినెట్ బ్రహ్మాండంగా ఉందనీ, మార్చాల్సిన పనిలేదనీ, దాని మీద మీకు సంపూర్ణ విశ్వాసం ఉందనీ రాసివ్వండి. మెమో మూసేయిస్తాను."

"అప్పుడు కొత్త డబ్బా రాదు కదండి."

"ఉన్నది బ్రహ్మాండంగా ఉన్నప్పుడు కొత్తది ఎందుకొస్తుందమ్మా?"

దీవెన కిటికీ అవతల నిలబడి ఉంది. మెమో తెగకపోతే యంత్రం సంగతి చూసేందుకు తను ఉంటుందో ఉండదో భాగ్యవతికి తెలియదు. పళ్లు బిగించి రాసిచ్చింది.

ఒక్కరి విశ్వాసం చాలదని తర్వాత కబురొచ్చింది. తప్పు సంస్థ ఫైల్లో జరిగింది గనక సంస్థ మొత్తం విశ్వాసం ప్రకటించాలట. సోమయాజులు గారు అధ్యాపకులందరినీ సమావేశపరిచారు. డబ్బాని తుడిచి మధ్యలో బల్ల మీద పెట్టారు. విశ్వపతి గారు తీర్మానం ప్రవేశపెడుతూ దాని స్థైర్యాన్నీ, గాంభీర్యాన్నీ, కష్టకాలంలో ఒక మూగజీవికి ఆశ్రయమిచ్చిన ఔదార్యాన్నీ వర్ణించారు. లెక్కల మాస్టారు మాత్రం, డబ్బా మూత ఊడి ఉంది కదా, ఆ మాట కూడా రాద్దామా అని అడిగారు. అది అంతర్గత విషయమని కామేశం సర్దిచెప్పాడు. చేతులన్నీ లేచాయి. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. రంగు వేయాలనుకున్నారు గానీ ఏ రంగు అనుకున్నా అది ఎవరో ఒకరి జెండాలో ఉంది. ఆఖరికి ఎవరూ కోరుకోని బూడిదరంగు పూశారు.

ఇక మిగిలింది యంత్రం. విశ్వాసం ప్రకటించిన డబ్బాలో కార్డు మాత్రం పట్టడం లేదు. రేకు కాస్త కోసుకుంటానంది దీవెన. సోమయాజులు గారు అదిరిపోయారు.

"దానికి కోత పెట్టడమా? ఇప్పుడే కదమ్మా మెమో తెగింది."

"పోనీ డబ్బా లేకుండా నడుపుకుంటానండి. బోర్డు బల్ల మీద పెట్టేసి, వైర్లు తగిలించుకుంటే సరిపోద్ది. డబ్బా ఉత్తి షోకుకేనండి, యంత్రానికి దాంతో పనిలేదు."

"ఆ మాట నువ్వనలేదు, నేను వినలేదు," అన్నారాయన గుమ్మం వైపు చూస్తూ.

దీవెన మదర్‌బోర్డుని దాని అట్టపెట్టె మీదే పరిచింది. గ్రాఫిక్స్ కార్డుకి దన్నుగా చాక్‌పీసుల పెట్టె నిలబెట్టింది. పక్కన చిన్న టేబుల్ ఫ్యాను. పెంకు తీసేసినట్టు అన్నీ బయటికే కనబడుతున్నాయి. స్విచ్చి వేయగానే యంత్రం చల్లగా, నిక్షేపంగా నడిచింది. వరసగా ఎన్ని పందేలు ఆడినా ఆగలేదు. దీవెన కారు మలుపుల్లో నేలని రాసుకుంటూ పోతోంది. పక్కన నిలబడ్డ భాగ్యవతి తెలియకుండానే కబడ్డీ కూత అందుకుంది. ఆ పిల్ల పడీ పడీ నవ్వింది. ఆ నవ్వు భాగ్యవతి అంతకు ముందెప్పుడూ విని ఎరగదు.

తనిఖీకి మళ్లీ పరాంకుశం గారే వచ్చారు. ఎంపిక పోటీ మర్నాడే. వెంట ఒక గుమాస్తా ఫోను పట్టుకుని ఉన్నాడు. పారదర్శకత కోసం తనిఖీలన్నీ ప్రత్యక్ష ప్రసారం చేయాలని కొత్త నియమం. జిల్లాలో ఉద్యోగులందరూ చూసి తీరాలి.

సోమయాజులు గారు తన ఏర్పాటు తాను చేసుకున్నారు. బూడిదరంగు డబ్బా లోపల లైట్ల దండ పెట్టించి, పట్టుగుడ్డ పరిచిన బల్ల మీద ప్రతిష్ఠించారు. అది ఎరుపూ పచ్చా నీలం మారుతూ ధగధగలాడుతోంది. అసలు యంత్రం ఓ పక్కగా, మూల బల్ల మీద ఉంది. దాని ముందు దీవెన కూర్చుని, పందెం వెంబడి పందెం ఆడుతోంది.

"ఇదేనండి మన కేబి... వస్తువు. దివ్యంగా నడుస్తోంది. ఆ తెర మీద కారు చూడండి," అన్నారు సోమయాజులు గారు.

పరాంకుశం గారు డబ్బా చూశారు. తెర చూశారు. మూల బల్ల కూడా చూశారు.  ఎవరికీ ఇబ్బంది లేకుండా ఇంటికెళ్లాలని ఆయనకుంది. సర్టిఫికెట్ కాగితం తీసి, కలం టోపీ విప్పారు. 

"సార్, ఫొటో కూడా కావాలండి," అన్నాడు గుమాస్తా. "ఆ మూలున్న సామాను అడ్డొస్తందండి. చూసేవాళ్లు చెత్తనుకుంటారు."

"స్టోరు సామానండి. ఇప్పుడే తీయించేస్తాను," అన్నారు సోమయాజులు గారు కంగారుగా. కామేశం గబగబా నడిచి ప్లగ్గు మీద చెయ్యి వేశాడు.

దీవెన చూడలేదు. ఆ పిల్ల కళ్లు తెర మీదే ఉన్నాయి. తనిఖీ జరుగుతుండగా యంత్రం ఆగితే అంతే. సర్టిఫికెట్ లేదు, రేపు పోటీ లేదు, ఎల్లుండి నుంచి మళ్లీ ఆ షెడ్డు కింద వాచీల కాపలా. భాగ్యవతికి ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లూ మెమోలకీ తీర్మానాలకీ తల వంచింది ఈ ప్లగ్గు పీకించుకోడానికా?

"కామేశం గారూ, చెయ్యి తీయండి," అంది. మైదానం ఆ చివరి పిల్లల్ని ఆపే గొంతది. కామేశం చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది.

"అమ్మా భాగ్యవతీ," అన్నారు సోమయాజులు గారు బతిమాలుతున్నట్టు.

"ఇంక నావల్ల కాదండి." ఆవిడ తిన్నగా పరాంకుశం గారి వైపు తిరిగింది. "ఈ కేబినెట్ ఉత్త ఖాళీదండి. లైట్లు తప్ప లోపల ఏవీ లేవు. పనంతా ఆ మూల బల్ల మీదే జరుగుతోంది. కేబినెట్ ఉన్నా లేకపోయినా పని ఆగదండి. అడ్డం తప్పుకుంటే చాలు."

 విశ్వపతి గారు కళ్లు మూసుకున్నారు.

"సార్, ఆపెయ్యమంటారా?" అన్నాడు గుమాస్తా, ఫోను అలాగే పట్టుకుని.

"లైవే కదయ్యా. ఇప్పుడాపితే ఎందుకాపారంటారు." పరాంకుశం గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఫోనుకి వినపడనంత నెమ్మదిగా అన్నారు. "నిజమే చెప్పారమ్మా. నాకు తెలుసు. కాని జిల్లా అంతా విన్నది నిజం కాదు, మీరన్న మాట. నేనిప్పుడు మిమ్మల్ని సస్పెండ్ చేయకపోతే సాయంత్రానికి నన్ను చేస్తారు."

"చేయండి."

ఆయన సంచిలోంచి ఇంకో కాగితం తీశారు. అలాంటివి రెండు మూడు ఎప్పుడూ దగ్గరుంచుకుంటారు. పేరు రాయాల్సిన చోట ఆవిడ పేరు రాశారు. సర్టిఫికెట్టూ, సస్పెన్షన్ ఉత్తర్వూ పక్కపక్కనే పెట్టుకున్నారు. కలం ఉత్తర్వు వైపు వెళ్లింది.

"ఆగండి," అంది భాగ్యవతి. "ముందు ఏ సంతకం పెడతారు?"

"తేడా ఏవుందమ్మా? రెండూ ఈవేళే."

"ఉందండి. సస్పెండైన మనిషి దగ్గరుండి తనిఖీ చేయించిందంటే రేపు పొద్దున్న గేటు దగ్గర ఆ పిల్ల కాగితం చెల్లదంటారు. మీవాళ్ల సంగతి మీకు తెలీదా. ముందు దానిది పెట్టండి. టైం కూడా వెయ్యండి. తర్వాత నాది పెట్టుకుందురు గాని."

పరాంకుశం గారు ఆవిడ మొహంలోకి చూశారు. ఇన్నేళ్ల ఉద్యోగంలో తమ సస్పెన్షన్‌కి తామే క్రమం చెప్పినవాళ్లు ఆయనకి తగిలినట్టు లేదు. కలం ఇటు తిప్పి సర్టిఫికెట్ మీద సంతకం పెట్టారు. కింద టైం వేశారు. గడియారం ముల్లు కదిలేదాకా ఆగారు. అప్పుడు రెండో కాగితం మీద పెట్టారు. 

భాగ్యవతి రెండు కాగితాలూ తీసుకుంది. రెండోది నాలుగు మడతలు పెట్టి చేతిసంచిలో వేసుకుంది. మొదటిది నలగకుండా రెండు చేతులా పట్టుకుని మూల బల్ల దగ్గరికి నడిచింది. ఎందుకో మోకాళ్లు నొప్పనిపించలేదు. దీవెన కారు ఆఖరి రౌండులో ఉంది. ముందు ఒకే ఒక్క కారు.

"సంతకం ఐపోయిందా అండి మేడం?" అంది దీవెన తెర మీంచి చూపు తిప్పకుండా.

"రెండూ ఐపోయాయే. నువ్వాడు."

రెండోది ఏమిటని దీవెన అడగలేదు. ఎదురుగా మలుపు ఉంది.